మిషన్ సార్‌కి, మా నాయన తరఫున

నాయనకి డయాలసిస్ మొదలై రెండేళ్లు. వారానికి మూడుసార్లు పాకాల నుంచి తిరుపతికి, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీద. డాక్టర్లకి దండాలు పెట్టాం, నర్సమ్మలకి పండగలకి స్వీట్లిచ్చాం. మిషన్లు చూసే ఇంజనీరు ఒకాయన ఉంటాడని మొన్న శుక్రవారం దాకా నాకు తట్టనేలేదు. పేరు రాయొద్దన్నారు. అక్కడందరూ మిషన్ సార్ అంటారు, నేనూ అదే అంటాను.

ఆ సాయంత్రం గాలివానకి కరెంటు వస్తా పోతా, ఆర్వో ప్లాంటు మోటారు కాలిపోయింది. ఒక్కరికి ఒక్కసారి డయాలసిస్ చేయాలంటే 120 లీటర్ల దాకా శుద్ధమైన నీళ్లు కావాలంట. అవి లేకుంటే ఎన్ని మిషన్లున్నా బొమ్మలే. నాయనకి అప్పటికే ఒంట్లో మూడు కిలోల నీరు చేరింది. పడుకుంటే ఆయాసం. ఇంకోచోట అడిగితే బెడ్డు లేదన్నారు.

రాత్రి తొమ్మిదికి మిషన్ సార్ తడిసిపోయి, బండి వెనక మోటారు కట్టుకుని వచ్చారు. పన్నెండున్నరకి నీళ్లు వచ్చాయి. ఇక ఎక్కించేస్తారనుకుంటే, చిన్న కాగితం ముక్క నీళ్లలో ముంచి సెల్ లైటులో రంగు చూశారు. కొన్ని నీళ్లు వదిలేసి మళ్లీ ముంచారు. "క్లోరిన్ మిగిలుంటే రక్తకణాలు పగిలిపోతాయి, ఇంకో పావుగంట ఆగన్నా" అన్నారు. టెన్షన్‌లో ఆయన మీద కసురుకున్నాను. దానికి ఇక్కడ అందరి ముందూ క్షమించమని అడుగుతున్నా.

నాయన్ని ఎక్కించాక టీ తాగుతూ, దీన్ని ఎవరు కనిపెట్టారు సార్ అన్నాను. విలెమ్ కోల్ఫ్ అంట. 1911లో నెదర్లాండ్స్‌లో పుట్టిన డాక్టరు. 22 ఏళ్ల కుర్రాడు కిడ్నీలు చెడి కళ్లముందే పోతే, రక్తాన్ని బయటే కడగలేమా అని పట్టుకున్నాడు. యుద్ధం, జర్మన్ల ఆక్రమణ, సామాను దొరకదు. మాంసం కూరి సాసేజిలు చేసే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకి చుట్టి, నీళ్లలో తిప్పి, 1943లో మనిషికి వాడాడు. మలినాలు ఆ గొట్టం గుండా నీళ్లలోకి దిగిపోతాయి, రక్తకణాలు దిగవు. నాయన పక్కన తిరిగే మిషన్‌లోనూ సూత్రం అదే. మొదట్లో ఎక్కించినవాళ్లు దాదాపు అందరూ పోయారు. 1945లో 67 ఏళ్ల ఆమె బతికింది. కోల్ఫ్ 1950లో అమెరికా వెళ్లి స్థిరపడి, కృత్రిమ గుండె మీద పడ్డాడు. యూటా యూనివర్సిటీలో ఆయన నడిపిన పని వల్లే 1982లో ఒక మనిషికి అలాంటి గుండె అమర్చగలిగారు. 2009 దాకా బతికాడు.

"అంతమంది పోయాక కూడా మళ్లీ మిషన్ దగ్గరికి ఎట్లా వెళ్లాడు సార్?" అన్నాను.

"ఇంట్లో పడుకుంటే నిద్ర పట్టుండదన్నా."

వర్షంలో మాకోసం ఆగిన ఆటో అన్నకీ దండాలు. మిషన్ సార్ డబ్బు ముట్టలేదు. పొటాషియం వల్ల నాయన మామిడిపండు తినకూడదు, అందుకే మా తోట కాయలు ఒక పెట్టె బలవంతంగా బండికి కట్టాం. నిన్న ఫోన్ చేసి, కాయలింకా పచ్చిగానే ఉన్నాయన్నారు. నాయన ఫోన్ లాక్కుని, "వరిగడ్డిలో పెట్టి నాలుగు రోజులు మూత తియ్యొద్దు సార్" అని చెప్పాడు.