తొట్టి ఈ ఆదివారం, చేపలు వచ్చే నెల

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో పిల్లల చేతిలోంచి సెల్‌ఫోన్ తప్పించే ఉపాయాలంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంట్లో చిన్న అక్వేరియం పెట్టమని అందులో రాశారు. మంచి మాటే. కానీ పొద్దున తొట్టీ చేపలూ కొని తెచ్చుకుంటే సాయంత్రానికల్లా అంతా తయారైపోతుందని కూడా రాశారు. అలా పెట్టిన తొట్లలో చేపలు చాలావరకు మొదటి కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి. అప్పుడు ఏడ్చేది పిల్లలు. అందుకే ఈ ఉత్తరం.

నేను పెరంబూర్‌లోని రైలు పెట్టెల కర్మాగారం ఐ.సి.ఎఫ్.లో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఉండేది విల్లివాక్కంలో. రంగుచేపల వ్యాపారానికి పేరున్న కొళత్తూరు మాకు పక్కనే. ఆదివారం తెల్లవారుజామున అక్కడికి వెళ్తే పాలిథిన్ కవర్లలో ఆక్సిజన్ నింపిన చేపలతో వీధంతా సందడిగా ఉంటుంది. పిల్లల్ని బండి మీద ముందు కూర్చోబెట్టుకుని వచ్చే తండ్రుల్ని ఎంతమందినో చూస్తుంటాను.

మా పై పోర్షన్ వాళ్ళబ్బాయికి ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాన్న ఒక అంగట్లో గుండ్రటి గాజు బౌల్, రెండు గోల్డ్ ఫిష్ కొనిచ్చాడు. 'రోజూ నీళ్ళు మార్చండి సార్, ఇంకేం అక్కర్లేదు' అన్నాడట అంగడతను. వారం తిరక్కుండానే రెండూ తేలిపోయాయి. మళ్ళీ తెచ్చారు, మళ్ళీ అంతే. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు 'నీ చేతికి చేపలు అచ్చిరావురా' అన్నారు. వాడు నమ్మాడు. మా ఇంటికి వచ్చినప్పుడు తొట్టి దగ్గరికి రమ్మంటే, 'వద్దు తాతా, నేను ముట్టుకుంటే చచ్చిపోతాయి' అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. వాడి చేతిలో ఏ దోషమూ లేదు. ఉన్నదంతా ఆ నీళ్ళలోనే.

చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియానే. చెరువులో అయితే అడుగున బురదలో, రాళ్ళ మీద, నాచు మీద ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకోరకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషం. నైట్రేట్ కొద్దిగా ఉంటే ఫర్వాలేదు, మొక్కలు పీల్చుకుంటాయి. కొత్త గాజు తొట్టిలో ఈ బాక్టీరియా ఇంకా ఉండదు. నీళ్ళు చూడ్డానికి అద్దంలా తేటగా ఉంటాయి, లోపల చేప మొప్పలు మాత్రం కాలిపోతుంటాయి. అది పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఆకలేస్తోందనుకుని మనవాళ్ళు ఇంకాస్త మేత వేస్తారు!

ఆ బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. శుభ్రం పేరుతో నీళ్ళన్నీ పారబోసి, స్పాంజిని కొళాయి కింద పిండి కడిగితే, క్లోరిన్ తగిలి, అప్పటిదాకా పుట్టిన కాస్త బాక్టీరియా కూడా పోతుంది. పై పోర్షన్‌లో జరిగింది ఇదే. వాళ్ళు శ్రద్ధ లేనివాళ్ళు కారు. రోజూ బౌల్ తళతళలాడేలా తోమి కడిగేవారు.

మా మనవరాలు నాలుగో తరగతి. తనకి తొట్టి కావాలన్నప్పుడు నేనొక షరతు పెట్టాను. తొట్టి ఇప్పుడే, చేపలు మాత్రం నీళ్ళు 'సరే' అన్నాకే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి తెచ్చాం. దాదాపు 55 లీటర్లు పడతాయి. నీళ్ళు, ఇసుక, గాజు అన్నీ కలిస్తే 70 కిలోలు దాటుతుంది కాబట్టి టీపాయ్ మీదా షోకేసు మీదా పెట్టే వస్తువు కాదిది. గట్టి చెక్క బల్ల, దాని మీద థర్మోకోల్ షీటు, ఆపైన తొట్టి. వైర్లు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా పెట్టాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటి బొట్టు స్విచ్ బోర్డులోకి పోదు. స్విచ్చులు ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెట్టకూడదన్నది మా ఇంట్లో చట్టం.

నీళ్ళ గురించి చెబుతున్నప్పుడు తనకి ఇంకో సంగతి కూడా చెప్పాను. మాది రాపూరు వైపు. మా కండలేరు జలాశయం నుంచి కృష్ణా నీళ్ళు 152 కిలోమీటర్లు కాలవలో ప్రయాణం చేసి ఊత్తుకోట్టై దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి, పూండి చెరువులోకి వస్తాయి. 1983లో తెలుగు గంగ ఒప్పందం జరిగితే ఆ నీళ్ళు మొదటిసారి 1996లో ఇక్కడికి చేరాయి. 'అయితే మన తొట్టిలో మీ ఊరి నీళ్ళున్నాయా?' అని అడిగింది. మెట్రో వాటర్‌లో కొంత ఉంటుందమ్మా అన్నాను. అయితే ఆ నీళ్ళు శుద్ధి చేసి క్లోరిన్ కలిపి ఇస్తారు. మనకది రక్షణ, చేపకు ప్రమాదం. బకెట్‌లో పట్టి, ఎయిర్ పంప్ వేసి ఒక రోజంతా ఉంచితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరగా కావాలంటే అంగళ్ళలో క్లోరిన్ పోగొట్టే మందు దొరుకుతుంది. లారీ నీళ్ళకూ ఇదే జాగ్రత్త. ఆర్.ఓ. నీళ్ళు స్వచ్ఛమైనవి కదా అని అవే పోస్తారు కొందరు. వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, చేపలకు ఒట్టి ఆర్.ఓ. నీళ్ళు పనికిరావు.

ఇక ఆ చేపల్లేని రోజులు. నా వరకు ఈ మొత్తం వ్యవహారంలో అసలైన భాగం అదే. ఇసుక కడగడం తన పని. బకెట్‌లో పోసి చేత్తో కలిపి మురికి నీళ్ళు వంచేయడం, నీళ్ళు తేటగా వచ్చేదాకా. తర్వాత మొక్కలు నాటాం. రోజూ చిటికెడు మేత ఖాళీ తొట్టిలో వేస్తుంటే 'ఎవరికి తాతా?' అంది మొదట్లో. కంటికి కనబడనివాళ్ళకి అన్నాను. మేత కుళ్ళి అమ్మోనియా పుట్టాలి, అది తిని బాక్టీరియా పెరగాలి. నీళ్ళలో అమ్మోనియా, నైట్రైట్ ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి టెస్ట్ కిట్ కొన్నాం. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు తీసుకుని, సీసాలోంచి చుక్కలు లెక్కపెట్టి వేసి, మూత పెట్టి ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. మా కిట్‌లో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్ లేకపోతే లేత నీలం, ఉంటే ఊదా. గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పట్టుకుని ఒక కన్ను మూసి రంగుల కార్డుతో పోల్చి చూసేది. వచ్చిన రంగును మా గోడమీది తెలుగు క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో, తిథి నక్షత్రం కింద పెన్సిల్‌తో రాసేది. బడిలో తమిళం, ఇంగ్లిషు మాత్రమే. 'అమ్మోనియా'కి ఒత్తు, 'నైట్రైట్'కి క్రావడి ఈ గడుల్లోనే వచ్చాయి తనకి. ఆకుపచ్చ ముదిరింది, తర్వాత తగ్గుతూ ఊదా ఎక్కింది. దశమి దగ్గర మొదటిసారి పసుపు, లేత నీలం రెండూ ఒకే గడిలో పడ్డాయి. మర్నాడూ అంతే. ఆ అమ్మాయి వేసిన కేకకి పక్కింటివాళ్ళు వచ్చారు.

ఆ తర్వాతే కొళత్తూరు. మెట్రో వాటర్‌తోపాటు మేం వాడే బోరు నీళ్ళు గట్టివి, అంటే ఖనిజాలు ఎక్కువ, బకెట్‌కి తెల్ల చార కడతాయి. అలాంటి నీళ్ళకి గప్పీ, ప్లాటీ, మోలీ బాగా సరిపోతాయి. మేం నాలుగు గప్పీలతో మొదలుపెట్టాం. కవర్‌ను అలాగే పావుగంట తొట్టి నీళ్ళ మీద తేల్చి, కొంచెం కొంచెం మన నీళ్ళు కలిపి, చేపల్ని వలతో తీసి వదిలాం. గోల్డ్ ఫిష్ అరచేతిని మించి పెరిగే చేప, పదేళ్ళ పైన కూడా బతకగలదు. దాన్ని బౌల్‌లో పెట్టడం అన్యాయం. పుట్టినరోజులకి రిటర్న్ గిఫ్ట్‌గా డబ్బాల్లో ఫైటర్ చేపల్ని ఇచ్చే అలవాటైతే దయచేసి మానుకోండి. ఆ పిల్లల ఇళ్ళలో వాటి కోసం నీళ్ళు కూడా సిద్ధంగా ఉండవు.

మన చెన్నై ఎండల సంగతి కూడా చెప్పాలి. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది సింటెక్స్ నీళ్ళు నేరుగా పోస్తే చేపలు ఉడికిపోతాయి. రాత్రే పట్టి ఉంచుకుని, వారానికి పావు వంతు మాత్రం మార్చాలి. తీసేసిన నీళ్ళు మా కరివేపాకు చెట్టుకి పోస్తాం, నైట్రేట్ దానికి ఎరువు. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే.

ఇంకో ముఖ్యమైన విషయం. 'ట్యాంక్ క్లీనర్' అని అమ్మే నల్ల సక్కర్ చేప అడుగున్నర దాకా పెరుగుతుంది. తొట్టిలో పట్టక దాన్ని చెరువుల్లో వదిలేస్తున్నారు. మన తెలుగు జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. వలలు చింపుతుంది, గట్లు తొలుస్తుంది, ఊరి చేపల తిండి తినేస్తుంది. పెంచలేకపోతే అంగడివాళ్ళకే తిరిగి ఇచ్చేయండి. రెట్టేరిలోనో పోరూరు చెరువులోనో మాత్రం పోయకండి.

పై పోర్షన్ అబ్బాయి ఇప్పుడు మా టెస్ట్ గొట్టాలు పట్టుకుంటున్నాడు. మా స్పాంజి ముక్క కొంత వాళ్ళ కొత్త తొట్టిలో వేశాం. పాత తొట్టి బాక్టీరియా ఉంటుంది కాబట్టి వాళ్ళకి త్వరగా కుదురుతుంది. అంతవరకు చేపలు తేమని వాళ్ళ నాన్న మాటిచ్చాడు.

సంపాదకుల వారికి నా విన్నపం: ఆ వ్యాసానికి సవరణగా ఒక్క వాక్యమైనా వేయండి, తొట్టి పెట్టిన నెలకి గాని చేపలు కొనవద్దని. కొళత్తూరు అంగళ్ళవాళ్ళనూ కోరుతున్నాను. తొట్టి అమ్మిన రోజే చేపలు అమ్మకండి. నెల తర్వాత వచ్చే ఆ పిల్ల మీ దగ్గర పదేళ్ళపాటు కొంటుంది. ఈ సంగతి బోర్డు మీద తమిళంతోపాటు తెలుగులోనూ రాయించాలనుకుంటే కబురు చేయండి, నేను వచ్చి రాసిపెడతాను.

ఇట్లు,
ఐ.సి.ఎఫ్. రిటైర్డ్ ఉద్యోగి,
విల్లివాక్కం, చెన్నై