లిస్బన్‌లో నాలుగు రోజులు: వరుస ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

యూరప్ యాత్రల మీద ఆదివారం అనుబంధాల్లో వ్యాసాలు తరచూ వస్తున్నాయి. ఏమేం చూడాలో అన్నీ రాస్తారు. ఏది ఏ రోజు మూసి ఉంటుందో, టికెట్ మీద వేసిన టైము ఏ గుమ్మానికి వర్తిస్తుందో మాత్రం ఎక్కడా ఉండదు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు వెళ్లేవారికి ఈ లోటు వల్ల ఒక పూర్తి రోజు వృథా అవుతుంది. మూడు రాత్రులు, నాలుగు పగళ్లకు ప్లాన్ వేసుకునేవారి కోసం ఈ వివరాలు పంపుతున్నాను.

ముందు సోమవారం సంగతి. లిస్బన్‌లోని బెలేం పేటలో ఉన్న జెరోనిమోస్ మఠాన్ని సోమవారం తెరవరు. చాలా ప్రభుత్వ మ్యూజియాలదీ అదే పద్ధతి. శనివారం దిగినవాళ్లు ఆదివారం దగ్గర్లోని సింత్రా ఊరికి, సోమవారం బెలేంకు అని రాసుకుంటే సోమవారం మూసిన తలుపులు చూసి రావాలి. తారుమారు చేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే సింత్రా కొండ మీది పేనా ప్యాలెస్‌కు సోమవారం సెలవు లేదు. ఆదివారం ఉదయం మఠం చర్చిలో ప్రార్థనలుంటాయి కాబట్టి బెలేంకు మధ్యాహ్నం వెళ్లాలి. లోపలి మండపాలకు టికెట్ ఉంది, చర్చికి లేదు. 1524లో కొచ్చిలో చనిపోయిన వాస్కోడగామా సమాధి ఆ చర్చిలోనే ఉంది. మఠం కట్టడానికి డబ్బు వచ్చింది కూడా ఆఫ్రికాతో, మన వైపు తూర్పు దేశాలతో సాగిన వ్యాపారం మీద వేసిన పన్ను నుంచే. మనవాళ్లు తీరిగ్గా నిలబడి చూడాల్సిన చోటు అది.

పేనా ప్యాలెస్ దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది టికెట్ టైము విషయంలో. 11:30 అని ఉంటే ఆ టైముకు పార్కు గేటు దగ్గర కాదు, ప్యాలెస్ గుమ్మం దగ్గర ఉండాలి. గేటు నుంచి గుమ్మానికి ఎక్కుడు దారిలో అరగంట నడక. లిస్బన్‌లోని రోసియో స్టేషన్ నుంచి సింత్రాకు రైల్లో 40 నిమిషాలు పడుతుంది. దిగాక 434 నంబరు బస్సుకు క్యూ, ఆపై ఘాట్ రోడ్డు. ఇవన్నీ కలుపుకుంటే 9 గంటలకల్లా రోసియోలో రైలెక్కాలి. లిస్బన్‌లో ఎండ కాస్తున్నా సింత్రాలో పొగమంచు పట్టి చలిగా ఉండొచ్చు. పిల్లలకు స్వెట్టర్లు తప్పనిసరి.

ఊరంతా కొండలే. 1755 నవంబరు 1 భూకంపం తర్వాత తిరిగి కట్టిన నడిబొడ్డు పేట బైషా మాత్రం చదును. కాలిబాటల్లో పరిచిన సున్నపురాతి ముక్కలు అరిగి నున్నబడ్డాయి, చినుకు పడితే జారుతాయి. రబ్బరు అడుగు గట్టిగా పట్టే బూట్లు కావాలి, చెప్పులు పనికిరావు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారికి ఒక దారి చెబుతాను. బైషాలోని ఫాంకైరుస్ వీధిలో ఉచిత లిఫ్టు ఎక్కితే మదలేనా వీధిలో దిగుతారు. కాస్త ముందుకు నడిచి, ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్ భవనంలో ఇంకో ఉచిత లిఫ్టు ఎక్కితే కొండ మీది పాత కోటకు వెళ్లే దారిలో చాలా ఎత్తు తప్పుతుంది. ఇక కొండవాలు మీద తాడుతో లాగే గ్లోరియా ఫ్యునిక్యులర్ బండి ప్రమాదంలో 2025 సెప్టెంబరు 3న 16 మంది చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాత ఇలాంటి బండ్లను ఆపి తనిఖీలు చేశారు. అందుకే వాటిని నమ్ముకుని దారి వేసుకోకండి. ఏవి నడుస్తున్నాయో ఆ రోజే చూసుకోవాలి.

పాత పేటల గుండా తిరిగే 28 నంబరు ట్రామ్‌లో ఉండేది సుమారు 20 సీట్లు. ఉదయం పది దాటాక అది బయల్దేరే మార్తిం మునీజ్ దగ్గర గంట నిలబడినా సీటు దొరక్కపోవచ్చు, పైగా ఆ రద్దీలో జేబుదొంగలుంటారు. పొద్దున్నే వెళ్లాలి, లేదంటే రెండో కొసన కాంపు ద ఊరిక్ దగ్గర ఎక్కాలి. ట్రామ్‌లో డబ్బిచ్చి టికెట్ కొంటే 3 యూరోలు దాటుతుంది. మెట్రో స్టేషన్లో నావెగాంత్ అనే ప్రయాణ కార్డు కొని డబ్బు వేసుకుంటే బాగా తక్కువ పడుతుంది. మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. ఆ డబ్బు సింత్రా రైలుకూ, నది దాటించే పడవకూ చెల్లుతుంది.

హోటల్ బిల్లు కాక, 13 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ రాత్రికి 4 యూరోల నగర పన్ను కట్టాలి. రెస్టారెంట్లో అడగకుండా తెచ్చిపెట్టే రొట్టె, ఆలివ్‌లు ఉచితం కావు. ముట్టుకోకపోతే బిల్లు వేయరు. ఆకుకూర సూప్ కాల్దు వెర్ద్‌లో పంది మాంసం సాసేజ్ ముక్క వేస్తారు కాబట్టి శాకాహారులు ముందే అడగాలి.

పోర్చుగల్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. లిస్బన్‌లో మూడు రాత్రులు, పారిస్‌లో ఐదు ఉంటే దరఖాస్తు ఫ్రాన్స్‌కే పెట్టాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారితే ఇమ్మిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. 2025 అక్టోబరులో షెంగెన్ దేశాల సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది కాబట్టి రెండు విమానాల మధ్య రెండున్నర గంటలైనా ఉండేలా చూసుకోవాలి. దుబాయ్ మీదుగా వెళితే ఆ క్యూ లిస్బన్‌లోనే ఉంటుంది. దిగిన రోజు టైము వేసిన టికెట్లేవీ కొనకండి.

ఇకపై ఏ ఊరి మీద వ్యాసం వేసినా సెలవు రోజు, టికెట్ టైము, స్టేషన్ నుంచి గుమ్మం దాకా పట్టే సమయం ఒక చిన్న బాక్సులో వేయాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకురాలు, విశాఖపట్నం