ఆ టారిన్ డబ్బా సంగతి

అమ్మడూ,

ముసలితనాన్ని వెనక్కి నెడుతుందని నువ్వు పంపిన టారిన్ డబ్బా అందింది. మాంసం, చేపల్లో ఉండే పదార్థమే కదా అది. మూత ఇంకా తీయలేదు. కోప్పడకు, ఎందుకో చెబుతాను.

2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూసి పంపావని తెలుసు. నడివయసు చుంచెలుకలకు టారిన్ పెడితే ఆయుష్షు 10–12 శాతం పెరిగింది, నిజమే. వయసు మీదపడేకొద్దీ మనుషుల్లోనూ అది తగ్గిపోతోందని అందులోనే రాశారు. కానీ 2025లో అదే పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది. ఒకే మనిషి రక్తాన్ని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వస్తే, టారిన్ తగ్గడం అటుంచి, చాలామందిలో అలాగే ఉంది లేదా పెరిగింది. తగ్గనిదాన్ని నింపడం దేనికి?

నాకు కాస్త ఆశగా కనిపించింది గ్లైసిన్, ఎన్‌ఏసీ జోడీ. గ్లైసిన్ అంటే అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్‌లో ఉండే ఓ చిన్న ముక్క; ఎన్‌ఏసీ అలాంటి ఇంకో ముక్క నుంచి చేసిన మందు. అమెరికాలోని హ్యూస్టన్‌లో పెద్దవాళ్లకు 16 వారాలు ఇస్తే నడక వేగం, చేతి పట్టు మెరుగుపడ్డాయట. అయితే వాళ్లు మొత్తం 24 మంది! దాన్ని పట్టుకుని నేను రోజూ పొడి కలుపుకోలేను.

ఇంకోటి. తిండిలో ఉండేవే కదా, ఏం చేస్తాయిలే అంటావు నువ్వు. నాకు స్టెంట్ వేశారని మర్చిపోకు. గుండెపోటు వచ్చినవాళ్లకు ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చి చూసిన పరీక్ష ఒకటి 2006లో అచ్చయింది. అది తీసుకున్నవాళ్లలో ఆరుగురు పోయారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో ఒక్కరూ పోలేదు. దాంతో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు. ఆర్జినిన్ వేరు, టారిన్ వేరు, ఒప్పుకుంటాను. అయినా ‘సహజం’ అన్న మాటకు నేను పడిపోను.

ముసలితనంలో నిజంగా కరిగిపోయేది కండ. తిన్న ప్రొటీన్‌ను కండగా మార్చుకోవడం ఈ వయసు ఒంటికి కాస్త కష్టం. అందుకే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కిలో బరువుకి రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ తినాలంటారు. కిడ్నీ జబ్బు ఉంటే లెక్క వేరు. నా కిడ్నీలు బాగానే ఉన్నాయి, రిపోర్టు నీకు పంపాను. కండ కట్టే పనిని మొదలుపెట్టించే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఆ తిండిలోనే వస్తుంది. వ్యాయామం లేకుండా ల్యూసిన్ ఒక్కటే పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి వరసగా పదిసార్లు లేస్తున్నాను. ఎనిమిదోసారికి తొడలు వణుకుతాయి, మీ అమ్మ నవ్వుతుంది.

వచ్చే నెల గుండె డాక్టర్‌ దగ్గరికి వెళ్లేటప్పుడు డబ్బా చేతిలో పట్టుకెళ్తాను. నేను వేసుకుంటున్న మందులతో పడుతుందో లేదో ఆయనే చెబుతారు. వద్దంటే నీకు తిప్పి పంపిస్తా. ఈలోగా ఇంకోటి ఆర్డర్ పెట్టకు తల్లీ.

నాన్న