వన్స్ మోర్ అన్నది ఎవరో తెలుసా

అనంతపురం
ఆదివారం పొద్దున

ఒరేయ్ శీనా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. కోపంగా ఉంటావు, క్షమించు. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి, శెనక్కాయ ఈసారి పర్వాలేదు. ఇంక అసలు సంగతికి వస్తా, ఆగలేకపోతున్నా.

మన పాత కారు గుర్తుందా? తలుపు వేస్తే రేకు డబ్బా మూత వేసినట్టు మోగేది. గుత్తి రోడ్డు మీద 80లో పోతే వెనక కూర్చున్న నాన్న మాట నాకు వినపడేది కాదు. పాటల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే రెండు ఆదివారాలు కూర్చుని ముందు తలుపులు రెండూ నేనే విప్పాను. క్లిప్పులు టప్పుమని ఊడుతుంటే అమ్మ వచ్చి "కారును చంపేస్తావేమప్పా" అని ఒకటే గోల.

తలుపు రేకు మోత తగ్గడానికి బ్యూటైల్ షీటు వాడతారు. 2 మిల్లీమీటర్ల మందం, ఒకవైపు జిగురు రబ్బరు, ఇంకోవైపు అల్యూమినియం రేకు. షాపులో మొదట తారు షీటు చూపించారు, చవగ్గా వస్తుందని. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కదరా, ఆ వేడికి తారు మెత్తబడి జారుతుంది, కారంతా వాసన. వద్దన్నాను. ఈ బ్యూటైల్ చప్పుడుకు అడ్డుగోడ కాదు. తలుపు రేకు అదిరినప్పుడు ఆ అదురును తనలోకి లాక్కుని కాస్త వేడిగా మార్చేస్తుంది, అంతే. కాబట్టి తలుపంతా కప్పనక్కర్లేదు, బయటి రేకు లోపలివైపు సగం దాకా అంటిస్తే చాలు. స్పిరిట్‌తో తుడిచి, చిన్న రోలరుతో గట్టిగా నొక్కాలి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం ముయ్యకూడదు, మూస్తే వాన నీళ్లు లోపలే నిలిచి తుప్పు పడుతుంది. లోపలి రేకుకున్న పెద్ద కంతలు ముయ్యాల్సిందే. స్పీకరు ముందుకు తోసే గాలి, వెనక్కి తోసే గాలి ఆ కంతల్లోంచి కలిసిపోతే బేస్, అంటే ఆ లోతైన మోత, ఉండదు.

అన్నీ చేశాను. కొత్త ఆరున్నర అంగుళాల స్పీకర్లు బిగించాను. తలుపు వేస్తే "ధబ్" అంది. ఆ ఒక్క చప్పుడు కోసం ఆరేడుసార్లు వేసి తీశానురా! టైర్ల రొద కింద నుంచి వస్తూనే ఉంది, దానికి ఫ్లోరు చెయ్యాలి, తర్వాత చూస్తా.

పాట పెట్టాను. బేస్ లేదు. పాడేవాడు ఎక్కడున్నాడో తెలియదు, గొంతు కారంతా చెదిరినట్టుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. షాపుకు పోతే "యాంప్ వెయ్యాల్సిందే అన్నా" అన్నారు, శబ్దం పెంచే యాంప్లిఫయరు. డబ్బులు తీసి ఇవ్వబోయాను కూడా. ఎందుకో మనసొప్పలేదు, ఇంటికొచ్చేశాను.

కార్లో కూర్చుని బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పాను, అంటే ఎడమ స్పీకరు ఒక్కటే మోగేట్టు. బేస్ వచ్చింది! కుడికి తిప్పాను, వచ్చింది. మధ్యలో పెడితే మాయం. అప్పుడు వెలిగింది. ఒక స్పీకరు బయటికి తోస్తుంటే ఇంకోటి లోపలికి లాగుతోంది, ఒకదాన్ని ఒకటి తినేస్తున్నాయి. గోడ గడియారంలోంచి 1.5 వోల్టుల సెల్లు పీకి, కారు తీగలు తీసేసి, స్పీకరుకే రెండు వైర్లతో తాకించాను. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోను, అదే స్పీకరు మధ్యలో అదిరే గిన్నె, బయటికి రావాలి. రెండూ బయటికే వచ్చాయి. అంటే స్పీకర్లు మంచివే, తప్పు తలుపు తీగలోనే. ఎప్పుడో ఎవరో ఎడమ తలుపులో కనెక్టరు కోసి, రంగులు తారుమారు చేసి మెలిపెట్టి టేపు చుట్టారు. మార్చి కలిపాను, రెండు నిమిషాల పని.

ఇప్పుడు చెప్తున్నా విను. పెన్ డ్రైవ్‌లో నాన్న పద్య నాటకం క్యాసెట్ ఎక్కించి ఉంది. మన ఊరి శ్రీరామనవమి రాత్రిది, నాన్న కృష్ణుడు, మనిద్దరం తెర వెనక పెట్టె మీద. (నెమలి ఈక సంగతి నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు, భయపడకు.) అది ఒకే మైకుతో పట్టింది, రెండు స్పీకర్లలోనూ అదే శబ్దం. తీగలు తారుమారుగా ఉంటే ముందుగా చచ్చేది అలాంటిదే. నాన్నను పక్కన కూర్చోబెట్టి, అద్దాలెత్తి, ఇంజను ఆపి పెట్టాను. హార్మోనియం తిత్తి ఊపిరి పీల్చడం వినపడింది శీనా! రాగం తీసి నాన్న ఆగాడు, జనం చప్పట్లు, అందులో ఒక బొంగురు గొంతు "వన్స్ మోర్!" అంది.

నాన్న చెయ్యి నా మోకాలి మీద పడింది. "మీ మామరా" అన్నాడు.

మీ నాయన. రెండోసారి అరిచి చివర దగ్గాడు చూడు, ఆ దగ్గు నువ్వు మర్చిపోయి ఉండవు. ఇన్నేళ్లు ఆ టేపు వింటూ ఉన్నాం, అది జనం గోల అనుకున్నాం. నాన్న ఆ పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు టేపులో. టేపు బయట, నా పక్కన కూర్చున్న ఈ నాన్నేమో అద్దంలోంచి అటు చూస్తూ... నేను ఏమీ మాట్లాడలేదు. మామ పోయి ఎనిమిదేళ్లయింది కదా. నీకు ఫోన్‌లో వినిపిద్దామనుకున్నాను. ఫోన్ స్పీకర్లో అది రాదు. నువ్వే రావాలి, ఇక్కడ, ఈ సీట్లో కూర్చోవాలి.

ఇంకో సంగతి, టేపు రెండో వైపు ఇంకా వినలేదు. నాన్న ఒద్దంటున్నాడు, నువ్వొచ్చాకే అంటున్నాడు. దసరాకి సెలవు పెట్టగలవా లేకపోతే

నాన్న హారన్ కొడుతున్నాడు, తాడిపత్రి పెళ్లికి టైమైంది. గడియారంలో సెల్లు ఇంకా పెట్టలేదు. ఉంటా.

నీ
రవి