బెంచీ ఎక్కడ వేస్తున్నారో చూడండి

కర్ణాటకలో సీనియర్ సిటిజన్ల సంక్షేమం చూసే మంత్రి గారికి,

నమస్కారం. నాకు 69 ఏళ్లు. మదనపల్లె నుంచి బెంగళూరు కె.ఆర్.పురం వచ్చి ఆరేళ్లయింది.

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సుద్దముక్కతో అష్టాచెమ్మా గీశాను. అరగదీసిన చింతపిక్కలు నాలుగు, కాయలకు గాజుముక్కలు. మనవడి కోసమని గీస్తే వారం తిరిగేసరికి తొమ్మిదిమంది పిల్లలు చేరారు. మూడో అంతస్తు కన్నడ పాప చూసి, "అజ్జీ, ఇది చౌకాబారా కదా!" అంది. మండ్యలో వాళ్ల అవ్వ ఆడిస్తుందట. నాలుగు పడితే నాకు చెమ్మా, తనకు చౌకా. ఎనిమిది నాకు అష్టా, తనకు బారా. ఆ లెక్కల మీద కొట్లాడుకుంటూనే నాకు కన్నడం వచ్చింది. ఆ పిల్ల తొండి కూడా బాగానే చేస్తుంది.

తర్వాత అసోసియేషన్ వాళ్లు గీతలు కడిగించారు. కార్లు తిరిగే చోటు కదా, అందులో తప్పు పట్టను. కానీ ఆట స్థలం దగ్గర "12 ఏళ్లలోపు పిల్లలకు మాత్రమే" అని బోర్డు పెట్టి, అక్కడున్న బెంచీలు పీకి, జనరేటర్ గది వెనక "సీనియర్స్ కార్నర్" అని వేశారు. మర్యాదగానే చేశారు. ఎదురుగా ప్రహరీ గోడ. ఇప్పుడు సాయంత్రమైతే ఐదుగురం కూర్చుని ఎవరి షుగర్ ఎంతో చెప్పుకుంటున్నాం.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం జిల్లాకో వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి చోటు అంటుంది. కష్టమొస్తే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు. దిక్కులేనివాళ్లకు అవన్నీ కావాల్సినవే. నాకు తిండికీ మందులకూ లోటు లేదు. పగలంతా పలకరించే మనిషే లేడు.

అందుకే అడుగుతున్నాను. పెద్దవాళ్లకు డే కేర్ కట్టేటప్పుడు అంగన్‌వాడీ పక్కన కట్టండి, మధ్యలో తలుపు ఉంచండి. పార్కుల్లో మా బెంచీలు ఉయ్యాలల దగ్గర వేయించమని నగర పాలికలకు చెప్పండి. ప్రశాంతత కోరేవాళ్లూ మాలో ఉన్నారు, వాళ్లకు చెట్టు కింద వేరే వేయించండి. నీతికథలు చెప్పించడానికి మాత్రం మమ్మల్ని పిలవొద్దు, పిల్లలు పారిపోతారు.

చూడ్డానికి ఎవరినైనా పంపితే సాయంత్రం నాలుగున్నరకు పంపండి. స్కూల్ వ్యాన్లు వచ్చేది అప్పుడే.

ఇట్లు,
కె.ఆర్.పురంలో ఉంటున్న మదనపల్లె అవ్వ