ఫ్రీజర్ గోడకు డ్రిల్ పెట్టకండి

సంపాదకులకు,

ఇంట్లోనే బీరు ట్యాప్ అమర్చుకోవడంపై మీ ఆదివారం ప్రవాస పేజీలో వచ్చిన వ్యాసం చూశాను. బీరు పీపా (కెగ్) పెట్టుకునే పాత చెస్ట్ ఫ్రీజర్ (పైకి మూత తెరుచుకునేది) పక్కగోడకు రంధ్రం చేసి ట్యాప్ బిగించమని, థర్మోస్టాట్‌ను అన్నిటికంటే తక్కువ చల్లదనానికి తిప్పి వదిలేయమని అందులో రాశారు. మొదటి సలహా పాటిస్తే ఫ్రీజర్ పోతుంది, రెండోది పాటిస్తే బీరు పోతుంది. మనుషుల ప్రాణాలకు సంబంధించిన మూడో సంగతి, బీరును ట్యాప్‌కు తోసే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ గురించి, ఒక్క వాక్యం కూడా లేదు.

చెస్ట్ ఫ్రీజర్‌కు వెనక జాలీ కనిపించదు. ఫ్రీజర్‌ను చల్లబరిచే గ్యాస్ తిరిగే గొట్టాలు బయటి రేకుకూ లోపలి రేకుకూ మధ్య, ఫోమ్‌లో పాతి ఉంటాయి. ఏ మోడల్‌లో ఎక్కడ మలుపు తిరుగుతాయో బయటి నుంచి చెప్పలేం. డ్రిల్ బిట్ ఒక్కసారి తగిలితే చాలు, ఫ్రీజర్ పని అయిపోయినట్టే. ఫోమ్ తవ్వి గొట్టం అతికించే మెకానిక్ దొరకడం కష్టం, దొరికినా గిట్టుబాటు కాదు. పైగా ఇప్పుడొస్తున్న ఫ్రీజర్లు చాలావాటిలో ఉండేది ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. అది మండే గ్యాస్.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు గోడ జోలికి పోకుండా కాలర్ కట్టుకుంటారు. మూత విప్పి, ఫ్రీజర్ అంచు కొలతకు సరిపడా 2×8 చెక్కతో చట్రం చేసి, దాన్ని మూతకూ పెట్టెకూ మధ్య కూర్చోబెట్టడమే ఆ పని. 2×8 అన్నది దుకాణంలో పేరు మాత్రమే. చేతికొచ్చే పలక 7.25 అంగుళాల వెడల్పు, 1.5 అంగుళాల మందం ఉంటుంది. ట్యాప్‌ల రంధ్రాలన్నీ ఈ పలకకే. షాంక్ (పలకలోంచి దూరి ట్యాప్‌ను లోపలి గొట్టానికి కలిపే లోహపు గొట్టం) మందం 7/8 అంగుళం కాబట్టి 1 అంగుళం బిట్ వేస్తే సులువుగా దూరుతుంది. చట్రం లోపలివైపు అంగుళం మందం ఫోమ్ షీటు అతికించాలి, లేకపోతే చెక్క చెమర్చి బూజు పడుతుంది. చెక్క, ఫోమ్ కలిపి రెండున్నర అంగుళాలు అవుతుంది గనక షాంక్ 4 అంగుళాలకు తగ్గకూడదు. కాలర్‌ను పెట్టెకు కాకుండా మూతకు బిగించడమే మేలని నా అభిప్రాయం. 5 గ్యాలన్ల నిండు కెగ్ సుమారు 23 కిలోలు. దాన్ని ఇంకో ఏడంగుళాలు ఎత్తి దించడం నడుముకు మంచిది కాదు. మూత బరువెక్కుతుంది కాబట్టి చట్రం కీళ్లకు ఎల్ పట్టీలు వేయాలి.

ఫ్రీజర్ కొనేముందు, కెగ్ అడుగుకు సరిపడేలా 9 అంగుళాల వ్యాసంతో అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించుకుని ఫ్రీజర్ అడుగున పరిచి చూడండి. కంప్రెసర్ గడప (లోపల కంప్రెసర్ మీద ఎత్తుగా ఉండే మెట్టు) ఎంత చోటు తింటుందో అప్పుడే తెలుస్తుంది. ఆ గడప మీద గ్యాస్ సిలిండర్ పెట్టుకోవచ్చు.

ఇక చల్లదనం. ఫ్రీజర్ థర్మోస్టాట్‌లో చల్లదనం ఎంత తగ్గించినా అది గడ్డకట్టించే యంత్రమే. బీరు 28 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గడ్డకడుతుంది. ఫ్రీజర్ ప్లగ్‌ను, కావలసిన చల్లదనం రాగానే కరెంటు ఆపేసే బయటి టెంపరేచర్ కంట్రోలర్‌కు గుచ్చి, ఫ్రీజర్ సొంత నాబ్‌ను అత్యంత చల్లదనం దగ్గర ఉంచి, కంట్రోలర్‌లో 38 డిగ్రీలు, తేడా 2 డిగ్రీలు, కంప్రెసర్ మళ్లీ ఆన్ అయ్యేముందు ఆలస్యం కనీసం 3 నిమిషాలు పెట్టాలి. సెన్సర్‌ను గాలిలో వేలాడదీస్తే మూత తీసిన ప్రతిసారీ కంప్రెసర్ ఆన్, ఆఫ్ అవుతూ త్వరగా పాడవుతుంది. దాన్ని కెగ్ నడుముకు టేపుతో అంటించి, పైన ఫోమ్ ముక్క కప్పాలి.

నురగ గోల ఎక్కువగా అడుగు చల్లగా, పైన వెచ్చగా ఉండటం వల్లే వస్తుంది. షాంక్ దగ్గరి గొట్టంలో వేడెక్కిన బీరు గ్యాస్‌ను వదిలేస్తుంది, మొదటి గ్లాసు మొత్తం నురగే. 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి అడుగు గాలిని పైకి తోసేలా పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ తర్వాత చూడాల్సింది కెగ్ నుంచి ట్యాప్‌కు వెళ్లే గొట్టం పొడవు. 38 డిగ్రీల వద్ద గ్యాస్ ప్రెషర్ 11, 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పెడితే 3/16 అంగుళం లోపలి వ్యాసమున్న గొట్టం 10 అడుగులైనా ఉండాలి. పొడవు ఎక్కువని 4 అడుగులకు కోసేసి, తర్వాత ప్రెషర్ తగ్గించి సరిచేద్దామనుకుంటే నాలుగు రోజుల్లో బీరు చప్పబడుతుంది. గొట్టాలను రెండు వారాలకోసారి కాస్టిక్ ద్రావణంతో కడగాలి. లోపల చేరే తేమకు, మళ్లీ ఎండబెట్టి వాడుకునే సిలికా జెల్ డబ్బా పెట్టుకోవాలి.

గ్యాస్ సంగతి. 5 పౌండ్ల సిలిండర్ మొత్తం లీకైతే సుమారు 1250 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న మూసిన గదిలో అది 5 శాతం దాటుతుంది. 4 శాతమే ప్రాణాపాయమని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ చెబుతుంది. ఇది గాలికంటే బరువు. మొదట ఫ్రీజర్ అడుగున, తర్వాత బేస్‌మెంట్ నేల మీద నిలుస్తుంది. పాడుబడ్డ బావిలోకి దిగేముందు మనవాళ్లు దీపం దించి చూసేది ఇలాంటి గాలికి భయపడే. మూత తీసిన వెంటనే తల లోపల పెట్టకూడదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, దగ్గర్లో నేలకు కాస్త ఎత్తులో కార్బన్ డయాక్సైడ్ అలారం ఉండాలి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం దీన్ని పసిగట్టవు. సిలిండర్ మార్చిన ప్రతిసారీ దానికీ, ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్‌కూ మధ్య కొత్త నైలాన్ వాషర్ వేయాలి. అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టినా లాభం లేదు. తర్వాత ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి.

మీ పేజీని హైదరాబాద్, విజయవాడల్లోనూ చదువుతారు. అమెరికాలో ఇంట్లో బీరు తయారీకి 1978లోనే ఫెడరల్ చట్టం వీలు కల్పించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. అక్కడివాళ్లు ఇదే అమరికలో సోడా పట్టుకోవచ్చు. 30 పీఎస్ఐ, 20 అడుగులకు పైబడ్డ గొట్టం, 230 వోల్టుల కంట్రోలర్ కావాలి, అంతే తేడా.

పక్కగోడకు రంధ్రం చేయమన్న వాక్యాన్ని ఉపసంహరిస్తూ, గ్యాస్ జాగ్రత్తలు కలిపి, వచ్చే ఆదివారమే అదే పేజీలో సవరణ వేయగలరు. ఆ వ్యాసం చూసి ఎవరైనా ఈపాటికే డ్రిల్ బయటికి తీసి ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
డల్లాస్, టెక్సస్