వర్సై వైభవం సరే, ఆకలి చావుల మాటేమిటి?

సంపాదకులకు,

పోయిన నెల ఆదివారం అనుబంధంలో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీపై మీరు వేసిన రెండు పేజీల వ్యాసం గురించి ఇది. ఎవరైనా చరిత్ర తెలిసినవారు రాస్తారులే అని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు.

ఆయన వర్సై రాజభవనంలోని అద్దాల మందిరం, విగ్గులు, ఎర్ర మడమల జోళ్లు, విందులు అన్నీ వర్ణించారు. ఆ సొమ్ము ఎవరిదో చెప్పడానికి ఒక్క వాక్యం మిగల్లేదు. పైగా ‘రాజ్యమంటే నేనే’ అని పెద్దక్షరాల శీర్షిక! లూయీ ఆ మాట అన్నట్టు ఆధారమే లేదని చరిత్ర విద్యార్థులందరికీ తెలుసు.

నాలుగేళ్ల వయసులో 1643లో రాజై, 1715 దాకా ఏలినవాడు. 1661లో ప్రధానమంత్రి మజరిన్ పోయాక, మరో ప్రధానమంత్రి అనేవాడే లేకుండా పాలన తన చేతిలోకి తీసుకున్నాడు. కష్టపడి పనిచేశాడు, కాదనను. కానీ ప్రధానమైన భూమి పన్ను రైతు నెత్తిన పడింది. ప్రభువర్గానికి, మతాధికారులకు దాదాపు మినహాయింపే. 1693-94 కరువులో పది లక్షలకు పైగా జనం చనిపోయారు. 1709 చలికి నదులు గడ్డకట్టి, పైర్లు మాడిపోయినప్పుడు కూడా యుద్ధం ఆగలేదు. ఆయనకు కోటలు కట్టిపెట్టిన ఇంజనీరు వోబాఁ, ప్రజల్లో పదోవంతు బిచ్చమెత్తుకుంటున్నారని, అందరిమీదా పన్ను వేయాలని 1707లో పుస్తకం రాస్తే దాన్ని నిషేధించారు. ఇవన్నీ వదిలేసి ‘స్వర్ణయుగం’ అంటే ఎలా?

మీరు మెచ్చుకున్న ఫౌంటెన్ల సంగతే చూడండి. అన్నింటికీ నీళ్లు చాలేవి కావు. రాజు నడిచివస్తుంటే పనివాళ్లు ఈలలతో ఒకరికొకరు చెప్పుకొని ముందున్నది తెరిచేవారు, ఆయన దాటగానే కట్టేసేవారు. నీటికోసం యూర్ నదిని మళ్లించాలని వేలమంది సైనికులను కాలువ తవ్వకానికి దించితే, ఎందరో జ్వరాలతో చచ్చిపోయారు. 1688లో యుద్ధం రావడంతో ఆ పనీ ఆగిపోయింది. పెద్దలు వచ్చే దారికే సున్నం గీతలు గీసి, పక్క వీధిలో మురుగు వదిలేసే అలవాటు మన పట్టణాల్లోనూ చూస్తూనే ఉన్నాం. దాన్ని పాలన అని పొగడటం మన పత్రికలు మానుకోవాలి.

ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన నాంత్ శాసనాన్ని 1685లో రద్దు చేయడాన్ని మీ వ్యాసం ‘మత ఐక్యత’ అంది. ప్రొటెస్టెంట్ల ఇళ్లలో సైనికులను దించి, మతం మారేదాకా వేధించడం ఐక్యతా? దాదాపు రెండు లక్షల మంది దేశం విడిచిపోయారు. నేతగాళ్లు, గడియారాల పనివాళ్లు వెళ్లి ఇంగ్లండ్, హాలెండ్‌లను బాగుచేశారు.

ఇంకో బాధ. తెలుగు పత్రిక అయి ఉండి, ఆయన హయాంలోనే 1669లో ఫ్రెంచివారు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టిన సంగతి మీకు గుర్తురాలేదు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆయనకు అమ్మిన నీలి వజ్రం మన కొల్లూరు గనిదేనని చరిత్రకారుల అభిప్రాయం. అదే చెక్కుళ్లు మారి హోప్ వజ్రంగా నేడు వాషింగ్టన్‌లో ఉంది. ఇంటిపక్క చరిత్ర పనికిరాదా?

చరిత్ర వ్యాసాలు వేసేముందు చరిత్ర చదివినవారికి ఒకసారి చూపించండి. ఈ రాజు గురించి మిగిలిన సగం కూడా రాయించి, అదే అనుబంధంలో, అంతే చోటిచ్చి వేయండి.

ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
కృష్ణా జిల్లా